టాబ్లెట్ తెర అంచు పైకి లేచింది: బ్యాటరీని ఇంట్లోనే మార్చుకోవచ్చా?

చిత్తూరు_గృహిణి:
నమస్కారం. మా అమ్మాయి పాఠాలు వినే టాబ్లెట్‌కు కుడివైపు తెర అంచు కొద్దికొద్దిగా పైకి లేచి, ఇప్పుడు పోస్టుకార్డు దూరేంత సందు ఏర్పడింది. చీకట్లో చూస్తే ఆ సందులోంచి వెలుగు కూడా కనిపిస్తోంది. దీనికితోడు, కేబుల్‌ను ఒక పక్కకు వంచి పట్టుకుంటే తప్ప ఛార్జింగ్ ఎక్కడం లేదు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, పాత ఏటీఎం కార్డుతో తెరను ఊడదీసి, బ్యాటరీని ఎవరికి వారే మార్చుకోవచ్చని వీడియోల్లో చూపిస్తున్నారు. అలా చేయవచ్చా, లేక తెరను నొక్కి గమ్‌తో అతికిస్తే సరిపోతుందా? అమ్మాయి నోట్సు, ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

రేణిగుంట_రిపేరు:
అమ్మా, ముందుగా ఆ తెరను నొక్కకండి, ఛార్జింగ్ పెట్టకండి, వెంటనే స్విచాఫ్ చేయండి. మీరు చెప్పిన లక్షణాలు బ్యాటరీ ఉబ్బినప్పుడు కనిపించేవే. వేడి వల్లా, వయసు మీరడం వల్లా లిథియం అయాన్ బ్యాటరీలోని ద్రావణం చెడి వాయువు పుడుతుంది. అది బయటికి పోయే దారి లేక పల్చటి రేకు సంచిని పూరీలా ఉబ్బించి, పైనున్న తెరను తోస్తుంది. ఆ సంచిలో రెండు ధ్రువాలను వేరుచేసే పొర కాగితం కన్నా పల్చన. గట్టిగా నొక్కినా, కార్డు అంచు గుచ్చుకున్నా అది చిరిగి, లోపలే షార్టయి మంట లేవవచ్చు.

వీడియోల్లో చూపించే పద్ధతి తప్పని నేను అనను. ఉబ్బని బ్యాటరీ అయితే, ఛార్జింగ్ 25 శాతం లోపుకు దిగాక, అంచుల జిగురు మెత్తబడే వరకు సమంగా వేడిచేసి తెరవడం ఓపిక ఉన్నవారికి సాధ్యమే. ఉబ్బినదానికి మాత్రం ఆ వేడే ప్రమాదం. నా బల్ల మీదికి ఇలాంటిది వస్తే, వేడిగాలి ఊదే హీట్ గన్ ముట్టకుండా, అంచు వెంబడి జిగురును వదులుచేసే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే ద్రవం చుక్కలు వేసి, జిగురు వదిలే దాకా ఆగి, ప్లాస్టిక్ పలకతో నిదానంగా లేపుతాను. ఇంట్లో ఈ పనికి పూనుకోవద్దని నా గట్టి మాట. దుకాణానికి తీసుకువెళ్లే వరకు పరుపు మీదా, బట్టల బీరువాలోనూ కాకుండా, పొడి ఇసుక పోసిన మట్టి పాత్రలో ఉంచండి.

నోట్సు గురించి దిగులు వద్దు. అవి ఉండేది టాబ్లెట్ లోపలి సర్క్యూట్ బోర్డు మీది మెమరీ చిప్‌లో గనుక, బోర్డుకు దెబ్బ తగలనంత వరకు కొత్త బ్యాటరీ వేయగానే అన్నీ కనిపిస్తాయి.

అలిపిరి_పాఠకుడు:
పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. మన వైపు ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటుతున్నప్పుడు, కిటికీ గట్టు మీద రాత్రింబగళ్లు ఛార్జింగ్‌లోనే ఉంచే అలవాటు బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది. విడిభాగాలు, మరమ్మతు వివరాల కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన ‘రైట్ టు రిపేర్’ (మరమ్మతు హక్కు) పోర్టల్‌ను కూడా చూడండి.

చిత్తూరు_గృహిణి:
స్విచాఫ్ చేసి, ఇసుక పాత్రలో పెట్టి వరండాలో ఉంచాను. చాలా కృతజ్ఞతలు. బ్యాటరీ మార్పించాక, కేబుల్ గుచ్చే ఆ ఛార్జింగ్ పోర్టునైనా నేను బాగుచేసుకోగలనా?

రేణిగుంట_రిపేరు:
అది నిక్షేపంగా చేసుకోవచ్చమ్మా. మొదట వేరే కేబుల్‌తో చూడండి. అయినా వంచాల్సి వస్తే, స్విచాఫ్ చేసి, టార్చి వేసి పోర్టు లోపలికి చూడండి. సంచిలో, జేబులో తిరిగే పరికరాల పోర్టు అడుగున నూలుపోగులు, దుమ్ము అట్టకట్టి, కేబుల్ పూర్తిగా లోపలికి దిగదు. పళ్లు కుట్టుకునే వెదురు పుల్లను సన్నగా చెక్కి, గోడ వెంబడి మెల్లగా గీరి ఆ అట్టను బయటికి లాగండి. మీది టైప్-సీ అయితే మధ్యలో చిన్న నాలుకలాంటి పలక ఉంటుంది. దానికి రెండు వైపులా పన్నెండేసి కాంటాక్టులు ఉంటాయి గనుక దాన్ని తాకకండి. సూది, పిన్నీసు వంటి ఇనుప వస్తువులు వాడవద్దు. నోటితో ఊదితే తేమ చేరుతుంది.

శుభ్రం చేశాక కూడా కేబుల్ వదులుగానే ఉంటే పోర్టే అరిగినట్లు. కొన్ని మోడళ్లలో అది చిన్న విడి బోర్డు మీద ఉంటుంది, తేలికగా మారుస్తారు. కొన్నింటిలో మెయిన్ బోర్డుకే టంకం వేసి ఉంటుంది, పనీ ఖర్చూ ఎక్కువ. మీది ఏ రకమో దుకాణంలో బ్యాటరీ మార్చేటప్పుడే అడగండి. తీసిన బ్యాటరీని చెత్తబండిలో వేయకుండా వారికే అప్పగించండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని ఇంటి చెత్తలో కలపకూడదు.