అబద్ధం నమ్మించే నేర్పు స్వభావాన్ని బట్టి వస్తుందా?

ప్రశ్న (హనుమకొండ): ఎనుమాముల మార్కెట్‌లో తడిసిన మిర్చి బస్తాను చూపిస్తూ, "బాగా ఎండిన సరుకే" అని తొణకకుండా చెప్పేవారూ, అదే మాటకు చెమటలు పట్టేవారూ కనిపిస్తారు. ఈ తేడా స్వభావానిదా, అలవాటుదా?

జవాబు 1: 2002లో మనస్తత్వవేత్తలు పాల్హస్, విలియమ్స్ కలిపి పరిశీలించిన కుటిలత్వం, ఆత్మమోహం, నిర్దయ అనే మూడు లక్షణాలు అబద్ధాలాడే తరచుదనంతో ముడిపడి ఉన్నాయి గానీ, ఎక్కువగా ఆడటం వేరు, నమ్మించగలగడం వేరు. ఆత్మమోహం గలవారు తమ నేర్పును తామే మెచ్చుకుంటారు, అది వేరే సంగతి.

జవాబు 2: మనస్తత్వవేత్తలు బాండ్, డిపాలో 2006లో ఎన్నో అధ్యయనాలను క్రోడీకరించి చూస్తే, వినేవారు నిజాన్నో అబద్ధాన్నో సరిగా గుర్తించినది సుమారు 54 శాతమే కనుక, సాధారణ అబద్ధీకుడికి కూడా పెద్దగా నేర్పు అవసరం లేదు. కొందరి మాటతీరే, వారు ఏం చెప్పినా, నిజాయితీగా కనిపిస్తుంది.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. అయితే చెమటలు పట్టినవారిని అనుమానించడం మాని, బస్తాకు తేమ మీటరు పెట్టి చూస్తాను.