ఆఫ్‌సెట్ పట్టికలో కొలతలన్నీ తేదీలైపోయాయి, పెన్సిల్ దిద్దుళ్లతో ఏం చేయాలి?

పాతకాగితాలు:
అందరికీ నమస్కారం. ఎప్పుడో మూతపడిన ఒక చెక్కపడవల కంపెనీ రికార్డుల్ని మేం ఆరుగురం వాలంటీర్లం స్కాన్ చేసి, టైపు చేస్తున్నాం. హల్ కార్డులు అయిపోయాయి. వాటితో ఇబ్బంది రాలేదు: పడవ నంబరు, ఏ ఇంజిను, ఎవరికి పంపారు, ఎప్పుడు పంపారు. ఇప్పుడు చేతికొచ్చినవి ఆఫ్‌సెట్ పట్టికలు, అంటే పడవ ఆకారాన్ని అంకెల్లో రాసిపెట్టిన పెద్ద కాగితాలు. గడుల్లో 2-3-4, 1-11-6 ఇలా ఉంటాయి. కొన్నింటి చివర ప్లస్ గుర్తు.

నిన్న రాత్రి సరిచూద్దామని ఎక్సెల్ షీటు తెరిస్తే గుండె జారిపోయింది. 2-3-4 కాస్తా 2 మార్చి 2004 అయి కూర్చుంది. విచిత్రం ఏమిటంటే 0-9-5, 3-0-2 లాంటివి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పదకొండు పట్టికలు, మూడు వారాల పని. టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఇంకో సంగతి. కొన్ని గడుల్లో సిరా అంకెను పెన్సిల్‌తో కొట్టేసి, పక్కన వేరే అంకె వేశారు. సిరాదే అసలు, దాన్నే ఎక్కిద్దాం అని మావాళ్లు కొందరు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఆ పెన్సిల్ పట్టిన చెయ్యి ఊరికే దిద్ది ఉండదు కదా!

బద్దవంపు:
అవి అడుగులు, అంగుళాలు, అంగుళంలో ఎనిమిదో వంతులండీ. 2-3-4 అంటే 2 అడుగుల మూడున్నర అంగుళాలు, అంటే 698.5 మిల్లీమీటర్లు. ప్లస్ ఉంటే ఇంకో పదహారో వంతు కలుపుకోవాలి. మీ షీటు చూడకుండానే ఒక మాట చెప్తాను: ఆ తేదీల్లో డిసెంబరు ఉండదు, 2007 దాటిన సంవత్సరం ఉండదు. నెలగా మారిన అంగుళాలు 11 దాటితే అడుగైపోతుంది, సంవత్సరంగా మారిన ఎనిమిదో వంతులు 7 దాటితే అంగుళమైపోతుంది. సున్నా తారీఖు, సున్నా నెల లేవు కాబట్టి అలాంటి గడులు బతికిపోయాయి.

పెన్సిల్ అంకెల్ని మాత్రం వదలకండి. డ్రాయింగు చిన్న స్కేలులో ఉంటుంది. అందులో వెంట్రుకవాసి తేడా అసలు సైజులో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకే పడవ గీతల్ని నేలమీద నిండు కొలతలో గీసి, పొడవాటి సన్నని చెక్కబద్దను ఆ గుర్తుల వెంట వంచి చూసేవారు. బద్ద తనంతట తాను వంగకుండా ఎక్కడైనా మొండికేస్తే అక్కడి కొలత తప్పన్నమాట. దాన్ని సరిచేసి, కొత్త అంకెను పట్టికలోకి ఎక్కించేవారు. మీ పెన్సిల్ అంకెలు అవే అయ్యుండొచ్చు.

అటకమీదిపెట్టె:
రెండూ ఎక్కించండి. సిరాకి ఒక కాలమ్, పెన్సిల్‌కి ఒక కాలమ్. ఏది సరైనదో తేల్చడం టైపు చేసేవాళ్ల పని కాదు. క్రిస్-క్రాఫ్ట్ అనే అమెరికా కంపెనీ పడవల హల్ కార్డులు అక్కడి న్యూపోర్ట్ న్యూస్ ఊళ్లోని మెరీనర్స్ మ్యూజియంలో ఉన్నాయి. తమ పడవ మొదట ఎలా తయారై వెళ్లిందో తెలుసుకోవడానికి యజమానులు వాటినే అడుగుతారు. మీ రికార్డుల కోసమూ ఎవరో ఒకరు వస్తారు. అప్పుడు వాళ్లకు కావలసింది కాగితం మీద ఉన్నది, మనం అనుకున్నది కాదు.

తేదీల్ని వెనక్కి తిప్పి అంకెలు రాబట్టొచ్చు. కానీ ఒక్కరి కంప్యూటర్లో నెల ముందుండే సెట్టింగు ఉన్నా, ఆ గడుల్లో అడుగులు అంగుళాలు తారుమారవుతాయి. టైపు చేసేముందే కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టండి. సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్) డబుల్ క్లిక్ చేసి తెరిస్తే మళ్లీ అదే గోల, ఎక్సెల్‌లోకి దిగుమతి చేసుకుంటూ ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోండి. స్కాన్లు నలుపు-తెలుపులో తీసి ఉంటే లేత పెన్సిల్ ఎగిరిపోతుంది. రంగుల్లో, 400 డీపీఐలో, టిఫ్ ఫైలుగా మళ్లీ తీయండి.

పాతకాగితాలు:
నిజమేనండీ, డిసెంబరు ఒక్కటీ లేదు! ఇద్దరి కంప్యూటర్లలో నెల ముందుంది. అందుకే మొత్తం మళ్లీ టైపు చేస్తున్నాం.

ఈ సాయంత్రం ఒక వరుసను నాలుగో వంతు స్కేలులో గ్రాఫు కాగితం మీద గీశాను. రెండో స్టేషన్ (పడవ పొడవునా కొలత తీసే చోట్లలో ఒకటి) దగ్గర 1-11-6, మూడో దగ్గర 2-2-3, ఐదో దగ్గర 2-5-6. నాలుగో దగ్గర సిరాలో 2-5-1, పెన్సిల్‌లో 2-4-3. తేడా ముప్పావు అంగుళం. సిరా అంకెతో గీస్తే గీత అక్కడ ఉబ్బెత్తుగా లేచింది. పెన్సిల్ అంకెతో గీస్తే సాఫీగా సాగిపోయింది. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఆ అంకె పక్కన బొటనవేలు రాసుకున్నట్టు బూడిదరంగు మరక కూడా ఉంది, మా నలుపు-తెలుపు స్కాన్‌లో దాని జాడే లేదు.

కొట్టివేత లేకుండా రెండేసి అంకెలున్న గడులు ఇంకో ఏడున్నాయి. వాటినీ ఇలా గీసి చూడొచ్చా?

బద్దవంపు:
తప్పకుండా చూడండి. గీత ఏం చెప్పిందో గమనికల కాలమ్‌లో రాయండి. అంకెలు మాత్రం రెండూ ఉండనివ్వండి.