లారావెల్ యాప్ సబ్‌ఫోల్డర్‌లో పెడితే హోమ్ తప్ప అన్నీ 404

ఎనుమాముల పోరడు:
మా బాపుది మిర్చి అడ్తి. రోజువారీ ధరల కోసం లారావెల్‌లో (పీహెచ్‌పీతో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) వెబ్ యాప్ రాశాను. ల్యాప్‌టాప్‌లో బాగుంది, షేర్డ్ హోస్టింగ్‌లో హోమ్ ఒక్కటే వస్తోంది, మిగతా పేజీలకు 404 (పేజీ దొరకలేదు) అంటోంది. అడ్రస్‌లో 'పబ్లిక్' అనే మాట పోవాలి. పేజీల పేర్లు తెలుగులో పెట్టొచ్చా? సీజన్ మొదలైంది, టెన్షన్‌గా ఉంది.

కాజీపేట జంక్షన్:
రీడైరెక్ట్ (ఒక అడ్రస్ నుంచి ఇంకోదానికి మళ్లింపు) రాసేటప్పుడు 301, అంటే శాశ్వత మళ్లింపు పెట్టకు తమ్ముడూ. నేను తప్పు దారికి 301 ఇచ్చాను. ఫైలు సరిచేసినా బ్రౌజర్ పాతదే గుర్తుపెట్టుకుంది, రెండు రాత్రులు పోయాయి. ముందు 302తో, అంటే తాత్కాలిక మళ్లింపుతో చూసుకో.

లోయర్ మానేరు:
తెలుగు పేర్లు వద్దే వద్దు. 'మిర్చి' అన్న ఒక్క మాటే లింకు కాపీ చేస్తే 54 అక్షరాలవుతుంది, అన్నీ శాతం గుర్తులే. వాట్సాప్‌లో చూసి రైతు భయపడతాడు.

ఓరుగల్లు తోరణం:
ఎందుకు వద్దు? తెలుగు వికీపీడియా 2003 నుంచి తెలుగు పేర్లతోనే నడుస్తోంది. మన భాష మనమే వద్దంటే ఎట్లా?

లోయర్ మానేరు:
వాళ్లకు సొంత సర్వర్లున్నాయి. నేను తెలుగు పేర్లతో ఫొటోలు జిప్ చేసి ఎక్కిస్తే, విప్పేసరికి పేర్లన్నీ చెడిపోయాయి. అనుభవంతో చెప్తున్నా.

ఓరుగల్లు తోరణం:
ఫైలు పేరు వేరు, రూటు (యాప్ కోడ్‌లో రాసే పేజీ అడ్రస్) వేరు! రూటుకు డిస్కులో ఫైలే ఉండదు. రెండూ కలిపి కొత్తవాళ్లను భయపెట్టకండి.

లోయర్ మానేరు:
భయపెట్టడం కాదు. 54 అక్షరాల సంగతికి జవాబు చెప్పండి.

హన్మకొండ చౌరస్తా:
పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, గొడవ ఆపండి. తమ్ముడూ, ప్రాజెక్టు మొత్తం పబ్లిక్ హెచ్‌టీఎంఎల్‌లో (ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించే ఫోల్డర్) వేశావా? బ్రౌజర్‌లో డాట్ ఈఎన్‌వీ (యాప్ రహస్య సెట్టింగ్స్ ఉండే ఫైలు) అడ్రస్ కొట్టి చూడు. తెరుచుకుంటే డేటాబేస్ పాస్‌వర్డ్ ఊరందరికీ ఇచ్చినట్టే. ప్రాజెక్టును బయటికి జరుపు. సబ్‌డొమైన్ చేసి, దాని డాక్యుమెంట్ రూట్‌ను (సైటు ఫైళ్లు మొదలయ్యే ఫోల్డర్) ప్రాజెక్టులోని పబ్లిక్ ఫోల్డర్‌కు చూపించు. 'పబ్లిక్' అన్న మాట అడ్రస్‌లోంచి దానంతటదే పోతుంది.

కాజీపేట జంక్షన్:
సబ్‌ఫోల్డరే కావాలంటే హెచ్‌టీ యాక్సెస్ ఫైలులో (అడ్రస్‌లను యాప్‌కు మళ్లించే సర్వర్ సెట్టింగ్స్ ఫైలు) రీరైట్‌బేస్ అన్న లైన్‌లో ఆ ఫోల్డర్ పేరు రాస్తే చాలు కదా అన్నా?

హన్మకొండ చౌరస్తా:
అసలు ఆ హెచ్‌టీ యాక్సెస్ ఫైలు సర్వర్‌లోకి ఎక్కిందా? చుక్కతో మొదలయ్యే ఫైళ్లు ఫైల్ మేనేజర్‌లో కనపడవు. సెట్టింగ్స్‌లో 'షో హిడెన్ ఫైల్స్' పెట్టి చూడమను.

ఎనుమాముల పోరడు:
ఈఎన్‌వీ తెరుచుకుంది అన్నా! వెంటనే పాస్‌వర్డ్ మార్చి, ప్రాజెక్టు బయటికి జరిపాను. హెచ్‌టీ యాక్సెస్ ఫైలు అసలు ఎక్కనే లేదు. ఎక్కించగానే పేజీలన్నీ వచ్చాయి, తేజ రకం ధరల పేజీ ఒక్కటే 500 (సర్వర్‌లో లోపం) చూపిస్తోంది.

కాజీపేట జంక్షన్:
కంట్రోలర్ (ఆ పేజీని తయారుచేసే కోడ్) ఫైలు పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం చూడు. విండోస్ పట్టించుకోదు, లినక్స్ వదలదు.

ఎనుమాముల పోరడు:
అదే! వచ్చేసింది. లింకు బాపుకు పంపాను.

ఓరుగల్లు తోరణం:
పేజీ పేరు తెలుగులోనే పెట్టావా తమ్ముడూ?