సమస్యాపూరణం: ‘ఇంద్రుఁ డగ్ని వెనుక నేఁగుచుండె’

పృచ్ఛకుని మాట: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం. దేవతలకు రాజైన ఇంద్రుడు, వారికి హవిస్సు మోసుకుపోయే దూత వెనుక నడవడం వినడానికి విరుద్ధంగా ఉంటుంది. ఋగ్వేద సూక్తాల కూర్పును ఆధారంగా చేసుకొని ఈ విరోధాన్ని పరిహరించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను. పురాణకథలను ఈసారికి పక్కన పెట్టండి.

మొదటి పూరణ

వంశ మండలముల వరుస నెఱిఁగి చూడ
నగ్ని నుతులు మొదట నమరి యుండు;
దివికి రాజె యైనఁ దీర్చిన వరుసలో
నింద్రుఁ డగ్ని వెనుక నేఁగుచుండె.

సమీక్ష: అమ్మా, సమస్యకు సూటి సమాధానం ఇదే. గృత్సమద, విశ్వామిత్ర, వామదేవ, అత్రి, భరద్వాజ, వసిష్ఠ వంశాలవారివైన 2 నుంచి 7 వరకు గల మండలాలు (ఋగ్వేద భాగాలు) అన్నింటిలోనూ ముందు అగ్ని సూక్తాలు, తరువాత ఇంద్ర సూక్తాలు, ఆపైన ఇతర దేవతల సూక్తాలు వస్తాయి. రెండవ మండలంలో మొదటి 10 సూక్తాలు అగ్నిపరమైనవి, 11 నుంచి 22 వరకు ఇంద్రునివి. ఒక్కొక్క దేవత వర్గంలోనూ పెద్ద సూక్తం ముందు, చిన్నవి తరువాత ఉంటాయి. ఆ మండలపు తొలి సూక్తంలో 16 మంత్రాలుంటే, తరువాతి వాటిలో వరుసగా 13, 11, 9, 8 ఉన్నాయి. ఇంద్రుని వంతు రాగానే లెక్క మళ్లీ 21కి ఎగసి, 15కు, 13కు దిగుతుంది. కూర్చినవారి శ్రద్ధ ఇంత స్పష్టంగా కనిపించే గ్రంథం మరొకటి నాకు తెలియదు. ఈ దిగుడు లెక్కకు లొంగని సూక్తాలు తరువాత చేరినవై ఉంటాయని జర్మన్ పండితుడు ఓల్డెన్‌బెర్గ్ 1888లో వాదించినది ఈ శ్రద్ధను నమ్మే.

పద్యంలో ‘వరుస’ రెండు సార్లు వచ్చి పునరుక్తి అయింది. మొదటి పాదాన్ని ‘వంశ మండలముల వైనంబు చూడఁగా’ అని మార్చుకుంటే దోషం పోతుంది, యతీ చెడదు.

రెండవ పూరణ

పృథివి నగ్ని నిలిపి పేర్కొనె యాస్కుండు
మేఘపథమునందు మింటి ఱేని;
మెట్టు మెట్టు నెక్కి మీఁదికి సాగంగ
నింద్రుఁ డగ్ని వెనుక నేఁగుచుండె.

సమీక్ష: దేవతలు ముగ్గురేనని, భూమిపై అగ్ని, అంతరిక్షంలో వాయువు లేదా ఇంద్రుడు, ద్యులోకంలో సూర్యుడు అని యాస్కుని వైదికపద వివరణ గ్రంథమైన నిరుక్తం చెప్పిన విభాగాన్ని చక్కగా పట్టుకున్నారు. ‘పృ–పే’ యతి చెల్లుతుంది, ఋకారానికి ఇ, ఎ లతో మైత్రి ఉంది. అయితే మెట్లెక్కేటప్పుడు ఇంద్రుడు అగ్నికి పైన ఉంటాడు గాని వెనుక ఉండడు. సమస్యలోని ‘వెనుక’ అనే మాట ఇక్కడ పూర్తిగా పొసగలేదు.

పూరణకర్త: ఎక్కేవానికి మొదట ఎదురయ్యేది అగ్ని, పిదప ఇంద్రుడు అనే భావంతో రాశాను. మీరన్న లోపం నిజమే, ఒప్పుకొంటున్నాను.

మూడవ పూరణ

పదియు మండలములఁ బరికింప నెల్లెడ
నగ్ని తొలుత వెలుఁగు నధిపుఁ డగుచు;
వజ్రపాణి యయ్యు వాహనం బుండియు
నింద్రుఁ డగ్ని వెనుక నేఁగుచుండె.

సమీక్ష: ధార బాగుంది, విషయం తప్పింది. ఎనిమిదవ మండలం ఇంద్రస్తుతితోనే మొదలవుతుంది. తొమ్మిదవది 114 సూక్తాలతో పవమాన సోమునికి, అంటే వడగట్టబడే సోమరసానికి, కేటాయించినది. చెరి 191 సూక్తాలున్న మొదటి, పదవ మండలాలు అగ్నితో ఆరంభమైనా, మొదటిదానిలో అగ్ని వెనువెంటనే వచ్చేది వాయువు. ‘అధిపుఁడు’ అన్నది యతి కోసం వచ్చిన మాట. అగ్నిని హోత (దేవతలను యజ్ఞానికి పిలిచేవాడు) అనీ దూత అనీ వేదం పిలిచిన మాటలే ఇక్కడ మేలు. వాహనం అన్నప్పుడు కూడా ఐరావతం కాక, హరులనే రెండు గుర్రాలు పూన్చిన రథమే మనసులో ఉండాలి.

పూరణకర్త: ఆర్యా, సవరించిన మొదటి రెండు పాదాలివి:

ఆఱు మండలముల నరసి చూచిన నందు
నగ్ని తొలుత వెలుఁగు నాహుతిఁ గొని;

సమీక్ష: ఇప్పుడు నిర్దుష్టం.

నాలుగవ పూరణ

ఆది ఋక్కె పొగడె నగ్నిఁ బురోహితు,
ముందు నిలుపఁబడిన మూర్తి యతఁడు;
యాగశాలఁ జేర నాతఁడె పిలువంగ
నింద్రుఁ డగ్ని వెనుక నేఁగుచుండె.

సమీక్ష: ఈ వారం నా మనసు నిలిచింది ఈ పద్యం మీద. ‘పురః’ అంటే ముందు, ‘హితః’ అంటే ఉంచబడినవాడు. ‘అగ్నిమీళే పురోహితం’ అన్న మొట్టమొదటి మాటల్లోనే కూర్పు రహస్యం ఉన్నదని మీరు గుర్తించారు. ఇంద్రునికి సుమారు 250 సూక్తాలు, అగ్నికి సుమారు 200 ఉన్నాయి కనుక సంఖ్యను బట్టి పెద్దరికం ఇచ్చి ఉంటే ఇంద్రుడే ముందుండేవాడు. పిలిచేవాడు రానిదే పిలవబడేవాడు రాడు. రెండవ పాదంలోని వ్యుత్పత్తి మూడవ పాదంలోని ఆహ్వానానికి కారణమై, సమస్యలోని ‘వెనుక’ అన్న మాటకు చిన్నతనం లేకుండా చేసింది. ‘యాగ–ఆతఁడె’ అని య, అ లకు వేసిన యతి శాస్త్రసమ్మతమే.