'తెల్లవారితే ఆదివారం' అంటే ఏ తేదీ?

గుంటూరులో మా పిన్ని కూతురి పెళ్లి. శుభలేఖలో ముహూర్తం "15వ తేదీ శనివారం రాత్రి 1-24 ని.లకు (తెల్లవారితే ఆదివారం)" అని ఉంది. పన్నెండు గంటల ముందు చుట్టాలందరికీ మెసేజ్ వెళ్లేలా పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. కార్డులో ఉన్నట్టే 15, 1:24 అని కొట్టాను. కంప్యూటర్‌కి అది శుక్రవారం అర్ధరాత్రి దాటాక వచ్చే 1:24. శుక్రవారం మధ్యాహ్నమే "ఈ రాత్రే పెళ్లి" అని వెళ్లిపోయింది. విజయవాడ నుంచి మావయ్య ఒకటే టెన్షన్: "ఏమ్మా, ముహూర్తం మార్చారా? మేమింకా బయల్దేరనే లేదు!"

సరే, 16 అని మార్చాను. ఈసారి మెసేజ్‌లో "16 ఆదివారం రాత్రి 1:24" అని వచ్చింది. అది చూసి అమ్మమ్మ ఆదివారం రాత్రి అనుకుంది. ఆమె చదివిందే సరైన తెలుగు.

పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, కంప్యూటర్‌లో అర్ధరాత్రి మారుతుంది. కానీ నన్ను తికమక పెట్టింది మన మాట. "శనివారం రాత్రి మూడింటికి" అన్నా, "ఆదివారం తెల్లవారుజామున మూడింటికి" అన్నా ఒకటే వేళ. అంకె అదే, పక్కనున్న మాటే వారాన్ని మార్చేస్తోంది. మరి రాత్రి ఎక్కడ ఆగుతుందండీ?

ఒకరిచ్చిన జవాబు: జాము అంటే మూడు గంటలమ్మా, రోజుకి ఎనిమిది. రాత్రి పూట చివరి జాము సుమారు మూడింటికి మొదలై పొద్దు పొడిచేదాకా ఉంటుంది. అదే తెల్లవారుజాము. అందుకే మూడు దగ్గర రెండు మాటలూ చెల్లుతున్నాయి. ఒంటిగంటకి తెల్లవారుజాము అని మా ఇంట్లో ఎవరూ అనరు.

చాలా థాంక్సండీ, ఇదే కావాలి. అసలు వేళ 16, 1:24 గానే దాచాను. మెసేజ్ రాసేటప్పుడు మాత్రం గంట మూడులోపు ఉంటే టైమ్‌డెల్టాతో (పైథాన్‌లో రోజులు, గంటలు కూడడానికీ తీయడానికీ వాడేది) ఒక రోజు వెనక్కి జరిపి, తేదీ, వారం అక్కడినుంచి తీసుకుని, "రాత్రి" అని రాసి, పక్కన "తెల్లవారితే ఆదివారం" చేర్చాను. అమ్మమ్మకి చూపించాను, తడుముకోకుండా చదివింది. మూడు దాటితే ఏమీ జరపకుండా "తెల్లవారుజామున" అని రాస్తోంది.

ఒక్కటి తేలలేదు. రెండున్నరని మీ ఇళ్లలో ఏమంటారు? మా వైపు రాత్రే.