విండోస్ 7 మిషన్‌లో ఇప్పుడు ఏ బ్రౌజర్ వాడాలి?

అనంతపురం_డీటీపీ:
అన్నలూ, క్లాక్ టవర్ దగ్గర నాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. పెళ్లిపత్రికలు చేసే మిషన్ పాతది. విండోస్ 7, 32 బిట్, 2 జీబీ ర్యామ్. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అందులోనే కుదురుకున్నాయి, దాన్ని కదిలించే ధైర్యం నాకు లేదు. క్రోమేమో 109 దగ్గర ఆగిపోయింది. హాల్‌టికెట్ తీద్దామంటే కొన్ని సైట్లు తెల్లమొహం వేస్తున్నాయి. వెనక పిల్లలు క్యూలో ఉంటే ఒకటే టెన్షన్. ఇంకో మిషన్ విండోస్ 10, మావాడి ల్యాప్‌టాప్ లినక్స్ మింట్. మూడింటికీ ఒకే బ్రౌజర్ సరిపోతుందా?

ఏడురోడ్లు_కడప:
పేరు ఒకటే, వెర్షన్లు వేరన్నా. విండోస్ 7లో ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం మద్దతు ఉండే రకం) 115 వేసుకో, 32 బిట్‌ది కూడా దొరుకుతుంది. కొత్త హంగులు రావు, భద్రతా అప్‌డేట్ల కోసమే దాన్ని నడుపుతున్నారు. 2024 సెప్టెంబరులో ఆపేస్తామన్నారు, తర్వాత గడువు పెంచుతూ వచ్చారు. కాబట్టి దాని మీదే భారం వేయొద్దు. మింట్‌లో ఫైర్‌ఫాక్స్ ముందే ఉంటుంది. విండోస్ 10లో మామూలు ఫైర్‌ఫాక్స్ వేసుకో, ఎడ్జ్ కూడా ఉంచుకో. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకోని పాత సైట్లకు ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఉంది.

కర్నూలు_కుర్రాడు:
సూపర్‌మియం చూడన్నా. క్రోమ్‌కు మూలమైన క్రోమియం నుంచే చేసిన బ్రౌజర్, విండోస్ ఎక్స్‌పీలో కూడా నడుస్తుంది. ఈఎస్ఆర్‌లో తెరుచుకోని సైట్ ఇందులో రావొచ్చు.

ఏడురోడ్లు_కడప:
వస్తుంది, కానీ దాని వెనక పెద్ద కంపెనీ లేదు. హాల్‌టికెట్‌కు వాడుకో, బ్యాంకు లాగిన్‌కు మాత్రం వద్దు. ఆ మాటకొస్తే బ్రౌజర్ ఎంత కొత్తదైనా కింద ఉన్నది విండోస్ 7. దానికి మామూలు మద్దతు 2020 జనవరిలోనే అయిపోయింది. డబ్బుల పని మింట్‌లో చేసుకో.

ఇంకోటి. షాపులో పదిమంది పాస్‌వర్డ్‌లు కొడతారు కదా. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'కి పోయి, హిస్టరీ దగ్గర 'నెవర్ రిమెంబర్ హిస్టరీ' పెట్టు. రీస్టార్ట్ అడుగుతుంది, సరే అను. ఇక విండోలన్నీ మూసేస్తే ముందొచ్చినాయన లాగిన్ తర్వాతాయనకు కనబడదు. డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌లు మాత్రం ఫోల్డర్‌లోనే ఉంటాయి, అవి నువ్వే తీసేయాలి. ఏ బ్రౌజర్ అన్నదానికన్నా నీ షాపుకు ఇదే ముఖ్యం.

కర్నూలు_కుర్రాడు:
మా బావ ఐఫోన్‌లో క్రోమ్ వేసుకుని సఫారీ కన్నా స్పీడని గొప్పలు పోతున్నాడు. మన దేశంలో ఐఫోన్ బ్రౌజర్లన్నిటి లోపలా పేజీలు చూపించే ఇంజిన్ ఆపిల్ వెబ్‌కిట్టే అంటే నమ్మడే!

అనంతపురం_డీటీపీ:
ఈఎస్ఆర్ వేశానన్నా, సైట్ తెరుచుకుంది. హాల్‌టికెట్ ప్రింట్‌లో మాత్రం అడుగున సూచనల లైను తెగిపోతోంది.

ఏడురోడ్లు_కడప:
ప్రింట్ విండోలో 'మోర్ సెట్టింగ్స్' తెరిచి స్కేల్ 90 పెట్టు. అప్పటికీ తెగితే పేపర్ సైజు ఏ4లోనే ఉందా, లెటర్‌కు మారిందా చూడు.