ముఖం మీది చర్మ క్యాన్సర్‌కు కత్తా, కరెంటా? పెద్ద వయసువారి విషయంలో మీరేమంటారు?

కృష్ణాతీరం:

మా అమ్మకు 78 ఏళ్లు. కుడి ముక్కుపుటం మీద, ముక్కుపుడకకు కాస్త పైన, మొదట మినపగింజంత నల్లటి బుడిపె లేచింది. పుడక రాసుకుని పుండు పడిందనుకున్నాం. పక్కు కట్టేది, ముఖం కడుక్కునేటప్పుడు ఊడేది, చుక్క నెత్తురు కనిపించేది, మళ్లీ పక్కు కట్టేది. పసుపు అద్దుకుంటూ రెండేళ్లు గడిపేసింది. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఎండ వెలుతురులో చూశాను. అంచులు ముత్యంలా మెరుస్తున్నాయి, మధ్యలో చిన్న గుంట పడి ఉంది. బయాప్సీ చేయిస్తే బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్, అందులో బుడిపెలా లేచే నాడ్యులర్ రకం అని వచ్చింది. ఇప్పుడు అడ్డంగా 14 మిల్లీమీటర్లు ఉంది.

అమ్మకు గుండెలో రెండు స్టెంట్లు ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతోంది. షుగరు కూడా ఉంది. ప్లాస్టిక్ సర్జన్ గారు అది కోసి తీసేసి, నుదుటి చర్మాన్ని తిప్పి ముక్కు మీద వేయాలి, రెండు విడతల పని అన్నారు. రేడియేషన్ డాక్టరు గారేమో 20 రోజులు కరెంటు పెడితే చాలు, కత్తితో పని లేదన్నారు. తమ్ముడు కరెంటే మేలంటాడు. నాకు మనసొప్పడం లేదు. పెద్ద వయసువారికి రేడియేషన్‌ను ఆపరేషన్‌తో సమానంగా చూడవచ్చా? తెలిసినవారు, చేయించుకున్నవారు చెప్పండి.

నిక్కచ్చి:

సమానం కాదండీ. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. ఫ్రాన్స్‌లో ఈ రెండు పద్ధతులనూ ఎదురెదురుగా నిలబెట్టి చూశారు. ముఖం మీద 4 సెంటీమీటర్ల లోపు బేసల్ సెల్ క్యాన్సర్ ఉన్న 347 మందిని చీటీలు తీసినట్టు రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి ఆపరేషన్, రెండో వర్గానికి రేడియేషన్ ఇచ్చారు. 1997లో ఫలితాలు అచ్చయ్యాయి. నాలుగేళ్లకు చికిత్స విఫలమైనవారు ఆపరేషన్ వర్గంలో 0.7 శాతం, రేడియేషన్ వర్గంలో 7.5 శాతం. కోత లేకపోతే ముఖం బాగుంటుందని అందరూ అనుకుంటారు కదా, అదీ తలకిందులైంది. ముఖం చక్కగా ఉందని తేలినవారు ఆపరేషన్ వర్గంలో 87 శాతం, రేడియేషన్ వర్గంలో 69 శాతం.

నా పట్టింపు మరొకటి ఉంది. కోసి తీసిన ముక్క అంచులకు సిరా పూసి, పాథాలజిస్టు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు. క్యాన్సర్ కణం అంచు దాకా వచ్చిందా, లోపలే ఆగిందా అన్నది కాగితం మీద తేలుతుంది. కరెంటు పెడితే చూడటానికి ముక్కే ఉండదు. కంటికి కనిపించిన మేరకు, దాని చుట్టూ అదనంగా మరికొంత మేరకు కిరణాలు పెట్టి, పోయిందని నమ్మాలి. నా కన్నతల్లి విషయమైతే ఆ నమ్మకం మీద నేను ఆగను.

కొలతల మనిషి:

నేను రేడియేషన్ విభాగంలో 19 ఏళ్లుగా పనిచేస్తున్న మెడికల్ ఫిజిసిస్టును, అంటే కిరణాల మోతాదు లెక్కగట్టే మనిషిని. నిక్కచ్చి గారు చెప్పిన అంకెలు సరైనవే, వాటితో నాకు పేచీ లేదు. పేచీ వాటిని చదివే తీరుతో. ఆ ఫ్రెంచి పరిశోధనలో రేడియేషన్ తీసుకున్నవారిలో సగానికి పైగా పుండులోకి రేడియోధార్మిక తీగలు గుచ్చే పద్ధతిలో తీసుకున్నారు. ఈరోజు మీ ఊరి ఆసుపత్రిలో ఇచ్చే చికిత్స అది కాదు. ఇంకో మాట, అందులో ఉన్నవాళ్లంతా ఆపరేషన్‌కైనా, రేడియేషన్‌కైనా పనికి వచ్చేవాళ్లే. కత్తికి తట్టుకోలేని మనిషి సంగతి ఆ అంకెలు చెప్పవు.

కరెంటు అని మనం ఒకే మాటలో అనేస్తాం కానీ అందులో నాలుగైదు దారులున్నాయి. మొదటిది లోతుకు పోని ఎక్స్‌రే, 50 నుంచి 150 కిలోవోల్టుల శక్తితో పైపైనే ఆగిపోతుంది. ఈ యంత్రాలు ఇప్పుడు మన దగ్గర అరుదు. రెండోది లీనియర్ యాక్సిలరేటర్ అనే పెద్ద రేడియేషన్ యంత్రం నుంచి వచ్చే ఎలక్ట్రాన్ పుంజం. మన ఆసుపత్రుల్లో మామూలుగా దొరికేది ఇదే. మూడోది బ్రాకీథెరపీ: ఇరిడియం-192 మూలకాన్ని చర్మానికి ఆనించిన అచ్చులోకి కొన్ని నిమిషాలు పంపి వెనక్కి తీసుకుంటారు. రీనియం-188 కలిపిన ముద్దను పలుచని రేకు మీద నుంచి పూసి ఒక్క పూటలో ముగించే కొత్త పద్ధతి కూడా విదేశాల్లో కొన్నిచోట్ల ఉంది. దాని బీటా కిరణాలు సుమారు 3 మిల్లీమీటర్లకు మించి దిగవు కాబట్టి పలుచటి కణితులకే సరిపోతుంది.

ముక్కు మాకు పరీక్ష లాంటిది. చదునుగా ఉండదు, వెనక గాలి ఉంటుంది, పక్కనే కన్ను ఉంటుంది. ముందు ముఖం అచ్చు తీసుకుంటాం. దాని మీద సీసపు రేకు పరిచి, పుండు మేరకు, దాని చుట్టూ సెంటీమీటరు దాకా కిటికీ కోస్తాం. 6 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల పుంజానికి 3 మిల్లీమీటర్ల మందం సీసం కావాలి. ఎలక్ట్రాన్లు సరిగ్గా చర్మం పైపొరలో కాస్త తక్కువ మోతాదు ఇచ్చి, లోపలికి వెళ్లాక పుంజుకుంటాయి. మనకు కావలసింది పైపొరలోనే కాబట్టి ముక్కు మీద మైనపు దిమ్మె పెట్టి ఆ తేడా సరిచేస్తాం. ముక్కుపుటంలోకి మైనం పూసిన చిన్న సీసపు ముక్క దోపుతాం, లోపలి పొర కాలిపోకుండా. మైనం ఎందుకంటే సీసం నుంచి వెనక్కి తన్నే కిరణాలు ఆ సున్నితమైన పొరకు తగలకుండా. ఇదంతా ఓపికగా చేసే చోట చేయించుకున్నారా, హడావిడిగా చేసే చోటనా అన్నదాని మీద ఫలితం చాలా ఆధారపడుతుంది.

78 ఏళ్ల అమ్మకు, నుదుటి చర్మం తిప్పే రెండు ఆపరేషన్లకు బదులుగా రేడియేషన్ అడగడంలో తప్పేమీ లేదు. ఆపరేషన్ కుదరనివారికి రేడియేషన్ ఇవ్వాలని, ఆపరేషన్ వల్ల రూపమో పనితీరో బాగా దెబ్బతినే చోట ఇవ్వవచ్చని అమెరికా రేడియేషన్ నిపుణుల సంఘం మార్గదర్శకాలే చెబుతున్నాయి.

వేసవిమల్లె:

మా నాన్నగారికి 84వ ఏట చెవి ముందు వచ్చింది. 20 సిట్టింగులు పెట్టించాం. ఆరేళ్లయింది, తిరిగి రాలేదు. ఆయన ఈ మధ్యనే, వేరే కారణంతో పోయారు. చివరిదాకా ఆ చెంప శుభ్రంగానే ఉంది.

కానీ ఆ నెల ఎలా గడిచిందో చెప్పాలి. మెషీను మీద ఉండేది పది నిమిషాలు. దానికోసం పొద్దున 6 గంటల బస్సు, ఆసుపత్రిలో ఎదురుచూపు, మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో కూర్చోవద్దని నేను కట్టుకెళ్లిన పెరుగన్నం, సాయంత్రానికి ఇల్లు. వారానికి ఐదు రోజులు. రెండో వారం దాకా ఏమీ తెలియదు. మూడో వారంలో ఎర్రబడింది. నాలుగో వారంలో పచ్చి పుండై, రసి కారి, పసుపురంగు పక్కు కట్టింది. నాన్నగారు నిద్రలో గీరుకునేవారు. రాత్రుళ్లు చేతికి మెత్తటి గుడ్డ చుట్టేదాన్ని. చికిత్స ముగిశాక నెలకు మానింది. తరువాత ఆ చోట చర్మం తెల్లబడి, పలచనై, సన్నని ఎర్రటి దారాల్లా రక్తనాళాలు తేలాయి. నల్లటి చెంప మీద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ. నాన్నగారు పట్టించుకోలేదు. మీ అమ్మగారు పట్టించుకుంటారేమో ముందే అడగండి.

ఖర్చు విషయానికొస్తే ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ రేడియేషన్ ఉంది. బస్సు, భోజనం, సెలవులు మాత్రం మనవే.

పెద్దబావి:

మా మేనత్త కథ వేరు. ఆమెకు 52వ ఏట కంటి కింద ఇదే జబ్బు వస్తే ఆపరేషన్ భయంతో కరెంటు పెట్టించుకుంది. పదమూడేళ్లు బాగానే ఉంది. తరువాత అదే చోట, అంచు దగ్గర, మళ్లీ లేచింది. అప్పుడు కోయడానికి వెళ్తే, కరెంటు పెట్టిన చర్మం గట్టిపడింది, రక్తప్రసారం సరిగా లేదు, కుట్లు నిలవడం కష్టమన్నారు. ఒకసారి పెట్టిన చోట మళ్లీ అంత మోతాదు పెట్టడమూ కుదరదన్నారు. చిన్న ఆపరేషన్‌తో పోయేది పెద్ద ఆపరేషన్ దాకా వెళ్లింది. ఆమెకు మొదట ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అదే నా బాధ.

కొలతల మనిషి:

పెద్దబావి గారూ, మీ మేనత్తగారికి జరిగింది నిజంగా విచారకరం. 52 ఏళ్ల మనిషికి ఈ జబ్బుకు నేనైతే రేడియేషన్ సిఫారసు చేయను. మచ్చ ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుంది, తేలికపడదు. కిరణాలు తగిలిన చోట చాలా ఏళ్లకు కొత్త క్యాన్సర్ వచ్చే ప్రమాదం కొద్దిగానైనా ఉంటుంది. అందుకే సాధారణంగా 60 దాటినవారికే దీన్ని ఆలోచిస్తారు. జెరోడెర్మా పిగ్మెంటోజమ్ లాంటి పుట్టుకతో వచ్చే జబ్బులున్న పిల్లలకు, బేసల్ సెల్ క్యాన్సర్లు పదే పదే వచ్చే వంశపారంపర్య జబ్బు గోర్లిన్ సిండ్రోమ్ ఉన్నవారికి దీన్ని దూరంగా ఉంచాలి, కిరణాలే వారిలో కొత్త క్యాన్సర్లకు దారి తీయవచ్చు. మోకాలి కింద కూడా మేము వెనకాడతాం. అక్కడి చర్మానికి రక్తం చాలదు, పుండు నెలల తరబడి మానదు.

డాలస్ నుంచి:

ఇక్కడ అమెరికాలో ఈ తగవు ఇంకో రూపంలో ఉంది. చర్మ వైద్యుల క్లినిక్కుల్లోనే పైపై ఎక్స్‌రే యంత్రాలు పెట్టి, అల్ట్రాసౌండ్‌తో లోతు చూస్తూ చికిత్స ఇస్తున్నారు. ‘కోత లేదు, నొప్పి లేదు’ అని పెద్దవాళ్లకు ప్రకటనలు వస్తుంటాయి. ఇక్కడి చర్మ వైద్యుల అకాడమీ మాత్రం ఆపరేషనే అన్నిటికన్నా ఫలవంతమని, ఆపరేషన్ కుదరనప్పుడో, రోగి వద్దన్నప్పుడో ఈ ఎక్స్‌రేను రెండో మార్గంగా చూడవచ్చని అంటుంది. ప్రతి సిట్టింగుకూ డబ్బు వచ్చే చికిత్సను, ఆ యంత్రం కొన్న మనిషే సిఫారసు చేస్తుంటే రెండో డాక్టరును అడగడం మంచిదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

గోదారమ్మ:

ఏదో క్రీము రాస్తే పోతుందని విన్నాను, నిజమేనా?

చర్మవైద్యురాలు:

గోదారమ్మ గారూ, ఇమిక్విమాడ్ అనే క్రీము ఉంది. ఛాతీ, వీపు లాంటి చోట్ల పైపొరకే పరిమితమైన రకానికి వాడతాం. ముక్కు మీద గుంట పడిన నాడ్యులర్ రకానికి అది దారి కాదు. ఇక పసర్ల జోలికి అసలు వెళ్లకండి. పైన మానినట్టు కనిపించి కింద పాకిన కేసులు నేను కళ్లారా చూశాను.

కృష్ణాతీరం గారూ, ఇన్ని మాటల మధ్య మీ అమ్మగారి అసలు ప్రశ్న పక్కకు పోయింది. కత్తి అంటే నుదుటి చర్మం తిప్పడమే అని అందరూ అనుకుంటున్నారు. 2 సెంటీమీటర్ల లోపు, అంచులు స్పష్టంగా ఉన్న నాడ్యులర్ బేసల్ సెల్‌కు చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మం కలిపి తీస్తే సుమారు 95 శాతం మందిలో మొత్తం వచ్చేస్తుంది. అన్నిటికన్నా మేలైనది మోస్ పద్ధతి. 1930ల్లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ మోస్ మొదలుపెట్టారు. పొర తీయడం, అక్కడికక్కడే చుట్టూ, అడుగున అంచులన్నీ చూడటం, కణం మిగిలిన వైపే మరో పొర తీయడం. నెదర్లాండ్స్‌లో ముఖం మీద మొదటిసారి వచ్చిన బేసల్ సెల్ క్యాన్సర్‌కు పోల్చి చూస్తే, పదేళ్లకు మామూలు కోతలో 12.2 శాతం మందికి, మోస్‌లో 4.4 శాతం మందికి తిరిగి వచ్చింది. మన దగ్గర మోస్ చేసేవారు చాలా తక్కువ. అది దొరకకపోతే ఫ్రోజెన్ సెక్షన్ అడగండి. ఆపరేషన్ బల్ల మీద ఉండగానే అంచులు పరీక్షించి చెబుతారు.

స్టెంట్ల గురించి: ఇంత మేరకు మత్తు సూది చాలు, మొత్తం స్పృహ తప్పించనక్కరలేదు. చర్మం ఆపరేషన్లకు రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు సాధారణంగా ఆపకుండానే చేస్తాం. మీ గుండె డాక్టరును అడగకుండా మాత్రం ఒక్క మాత్ర కూడా మానేయవద్దు. చెవి వెనక చర్మం తెచ్చి అతికించడం వీలవుతుందేమో అడగండి. నుదుటి దాకా వెళ్లాల్సిన పని ఉండకపోవచ్చు.

ఇది స్క్వామస్ సెల్ అనే మరో రకం చర్మ క్యాన్సరైతే నా మాట వేరుగా ఉండేది. అది మెడ గ్రంథులకు పాకగలదు, ముఖ్యంగా పెదవి, చెవి మీద పుట్టినది. అక్కడ ప్రమాదం ఎక్కువగా ఉన్నప్పుడు ఆపరేషన్ తరువాత రేడియేషన్ కలిపి ఇవ్వడం ఉంటుంది. అలాంటప్పుడు కత్తా, కరెంటా అని ఒకటి ఎంచుకునే ప్రశ్న ఉండదు.

నిక్కచ్చి:

ఇదే నేను చెప్పాలనుకున్నది, ఇంత వివరంగా చెప్పలేకపోయాను. కొలతల మనిషి గారు చెప్పిన సీసపు రేకు, మైనపు దిమ్మె సంగతి నాకు కొత్త. ఆపరేషన్ నిజంగా కుదరని 90 ఏళ్ల వారి విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ అమ్మగారి విషయంలో మాత్రం కాదు.

కృష్ణాతీరం:

అందరికీ దండాలు. వేసవిమల్లె గారి మాట చదివాక నాకు సిగ్గేసింది. వారం రోజులుగా తమ్ముడూ నేనూ ఫోన్లో వాదించుకుంటున్నాం కానీ అమ్మను కూర్చోబెట్టి అడగనే లేదు. నిన్న అడిగాను. ఆ బస్సులూ ఆ 20 రోజులూ తన వల్ల కాదంది. ‘ఒక పూట నొప్పి నేను ఓర్చుకుంటాను, మిగిలిందో పోయిందో మాత్రం నాకు తెలియాలి’ అంది. సర్జన్ గారికి ఫ్రోజెన్ సెక్షన్, చెవి వెనక చర్మం సంగతి అడిగాం. వీలవుతుందన్నారు, ఒక్క విడతలోనే. గుండె డాక్టరు మందులు ఆపనక్కరలేదన్నారు. వచ్చే గురువారం ఆపరేషన్. ముక్కుపుడకను ఎడమ వైపుకు మార్చుకుంటానంటోంది.

కొలతల మనిషి:

సంతోషం. రిపోర్టు వచ్చాక రెండు సంగతులు వెతకండి. ఒకటి, అంచులకు కణాలు తగిలాయా. రెండోది, నరాల వెంట పాకిందని రాశారా. అలా రాసి ఉంటే మళ్లీ కోతకు ముందు ఒకసారి రేడియేషన్ డాక్టరు గారికి చూపించండి. అప్పుడు కరెంటు ప్రస్తావన రావడానికి మంచి కారణమే ఉంటుంది.